ఇత్తడి కాదు, ఇత్తడి పూత: నల్లబడిన సొరుగు పిడుల సంగతి

మీరు రాసింది ఇదీ. రాజోలు దగ్గర మీ నాయనమ్మగారి ఇంట్లోంచి టేకు అద్దం బల్ల ఒకటి తెచ్చుకున్నారు. ఆరు సొరుగులు, ఆరు ఇత్తడి పిడులు. అన్నీ మసకబారి, కొన్నిచోట్ల నల్లగా, కొన్నిచోట్ల పచ్చగా ఉన్నాయి. ఒకదాన్ని చింతపండు, ఉప్పు, ఊక బూడిద వేసి తోమారు. ముందు తళతళలాడింది. తరవాత మధ్యలో బూడిదరంగు మచ్చ తేలింది. మూడో రోజుకి మచ్చ చుట్టూ ఎర్రగా తుప్పు. మిగతా అయిదూ ఎలా బాగుచేసుకోవాలి, పాడైనదాన్ని మళ్ళీ ఇత్తడి చేయొచ్చా అని అడిగారు.

ఒకటి తోమి ఆగిపోయారు చూడండి, అదే మీరు చేసిన మంచి పని అమ్మా. నా దగ్గరికి వచ్చేవాళ్ళు చాలామంది అన్నీ తోమేశాకే వస్తారు.

మీ పిడి ఇత్తడిది కాదు. ఇనుప పిడికి ఇత్తడి పూత. ఇత్తడికి చిలుము పడుతుంది గానీ ఎర్ర తుప్పు పట్టదు. ఆ తుప్పే సాక్ష్యం. మన ఇళ్ళలో ఇత్తడి అంటే బిందె, గంగాళం, కాగు. వాటిని మూడు తరాలు చింతపండు పెట్టి తోమినా లోపల ఇంకా ఇత్తడే ఉంటుంది కాబట్టి ఏమీ కాలేదు. ఆ అలవాటు చేతికి వచ్చేసింది. కానీ సొరుగు పిడులూ, ట్రంకుపెట్టె గొళ్ళేలూ, సూట్‌కేసు తాళాలూ, గోడగడియారం తలుపు గడియలూ చాలావరకు పూత సామానే. చిలకలపూడి గిల్టు గాజుని ఎవరైనా పుటం పెడతారా? ఇదీ అంతే.

ఆ పూత ఎంత పల్చనో తెలిస్తే చెయ్యి దానంతట అదే నెమ్మదిస్తుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఇలాంటి సామాను మీద ఇత్తడి పొర కొన్ని మైక్రాన్లు ఉంటే గొప్ప. చౌక రకాల్లో ఒక మైక్రాన్ కూడా ఉండదు. ఇక మీరు వాడిన ఊక బూడిద సంగతి. వరి ఊక కాల్చిన బూడిదలో నూటికి 85 నుంచి 95 పాళ్ళు సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. మన డెల్టాలో ప్రతి రైసుమిల్లు పక్కనా గుట్టలుగా దొరుకుతుంది కాబట్టి గిన్నెలు తోమడానికి తరతరాలుగా వాడాం. అది మరకని కరిగించదు, గీకుతుంది. మరకతో పాటు దాని కింది లోహాన్నీ గీకుతుంది. చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లం నలుపుని కరిగిస్తుంది, నిజమే. కానీ పూతకి కంటికి కనపడని సూదిరంధ్రాలు ఎన్నో ఉంటాయి. వాటిలోంచి ఆ పులుపూ ఉప్పూ లోపలికి దిగి ఇనుముని తగులుకుంటాయి. పైన ఎంత కడిగినా లోపలికి దిగిన ఉప్పు రాదు. అందుకే మీకు మూడో రోజున తుప్పు బయటపడింది.

ఈ పాఠం నేను ఒకరి వస్తువు పాడుచేసి నేర్చుకున్నాను. పని నేర్చుకుంటున్న రోజుల్లో అమలాపురం దగ్గర ఒక ఇంటివారి గోడగడియారం బాగుచేయడానికి వచ్చింది. యంత్రం బాగుచేశాను. అడక్కపోయినా, సంతోషిస్తారని, తలుపు గడియనీ బందుల్నీ పాలిష్ పెట్టి రుద్దాను. గడియ మీద అర్ధరూపాయంత మేర తెల్లబడిపోయింది. రోజూ కీ ఇవ్వడానికి ఆ ఇంటి పెద్దాయన వేలు యాభై ఏళ్ళు ఆనిన చోటు అది. ఆయన అప్పటికి లేరు. వాళ్ళమ్మాయి గడియారం తీసుకుని, ఆ మచ్చని బొటనవేలితో ఒకసారి తడిమి ఊరుకుంది. ఒక్క మాట అనలేదు. ఆ తరవాత ఏ సామానునైనా ముందు అయస్కాంతంతో పలకరించకుండా నేను గుడ్డ పట్టుకోలేదు.

కాబట్టి మీరూ అక్కడే మొదలుపెట్టండి. చిన్న అయస్కాంతం ముక్కకి దారం కట్టి, పిడి పక్కన వేలాడదీయండి. గట్టిగా అంటుకుంటే అడుగున ఇనుము. స్క్రూ దగ్గర పరీక్ష చేసి మోసపోకండి, గట్టి ఇత్తడి, అంటే లోపలంతా ఇత్తడే ఉన్న పిడికి కూడా ఇనుప స్క్రూలు ఉంటాయి. అంటుకోకపోతే వెంటనే ఇత్తడి అనుకోవద్దు. జింకు మిశ్రమం కూడా అయస్కాంతానికి అంటదు. హార్డ్‌వేర్ కొట్లో దాన్ని మజాక్ అంటారు. అమెరికాలో న్యూజెర్సీ జింక్ కంపెనీ 1929లో తయారుచేసిన మిశ్రమాల కుటుంబం అది. అచ్చులో పోసి ఎంత నగిషీ అయినా చౌకగా తీయొచ్చు కాబట్టి పిడులకి బాగా వాడారు. చేతిలో పట్టుకుంటే ఇత్తడి కన్నా తేలిక. ఘన సెంటీమీటరు ఇత్తడి 8.4 గ్రాముల పైన తూగితే, మజాక్ 6.7 లోపే. సరిగ్గా తెలియాలంటే పిడి విప్పి వెనకవైపు, స్క్రూ కన్నం అంచున, సన్న ఆకురాయితో ఒక్క గీత గీయండి. లోపల పసుపు అయితే గట్టి ఇత్తడి, తెల్లటి బూడిదరంగు అయితే పూత. ఆరు పిడులూ ఒకటే రకం అనుకోవద్దు. మధ్యలో ఎప్పుడో ఒకటి ఊడిపోయి, బజారునుంచి అలాంటిదే తెచ్చి బిగించిన బల్లలు చాలా చూశాను. ఆరింటికీ చేయండి.

విప్పే ముందు ఫోటో తీసుకోండి. స్క్రూ గాడిలో సరిగ్గా పట్టే స్క్రూడ్రైవరే వాడండి, వదులుగా ఉన్నది జారితే పూత మీద గీత పడుతుంది. రాకపోతే బలవంతం వద్దు. కుట్టుమిషను నూనె ఒక చుక్క వేసి రాత్రంతా వదిలేయండి. అప్పటికీ రాకపోతే వైర్లు అతికే సోల్డరింగ్ ఐరన్ వేడెక్కిన మొనని స్క్రూ తలకి ఒక నిమిషం ఆనించి, చల్లారాక తిప్పండి. ఒక అట్టముక్క మీద ఆరు సొరుగుల బొమ్మ గీసి, ఏ పిడీ దాని స్క్రూలూ ఆ గడిలో గుచ్చండి. పాత స్క్రూలు ఒకదాని కన్నంలో ఇంకోటి సరిపోవు. మేకుతో బిగించేసిన రేకులు, అంటే తాళంకంత చుట్టూ ఉండే పూలరేకుల్లాంటివి, విప్పొద్దు. పాత ఎక్స్‌రే ఫిల్ముని ఆ రేకు ఆకారానికి కత్తిరించి, చెక్కకీ లోహానికీ మధ్య దూర్చండి. ముందుముందు వాడబోయే స్పిరిట్ చుక్క పడినా టేకు మీది లక్క పాలిష్ కరుగుతుంది.

ఇప్పుడు కడగడం. దీన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు. నా అనుభవంలో పిడుల మీద నలుపు సగం పైగా లోహానిదే కాదు. చేతి జిడ్డు, వంటింటి మసి, దీపం పొగ, పండక్కి పండక్కీ బల్లకి పూసిన వార్నిషు పిడి మీదకి పాకింది, ఇవన్నీ కలిసి గట్టిపడిన పొర. గోరువెచ్చటి నీళ్ళలో నాలుగు చుక్కల పిల్లల షాంపూ కలపండి. కుంకుడు రసం వాడొచ్చా అని అడుగుతారు. అది కూడా కాస్త ఆమ్లగుణం ఉన్నదే, పూత సామానుకి నేను వాడను. నీళ్ళ విషయంలో జాగ్రత్త. మన కోనసీమలో చాలా ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పన. ఉప్పులోని క్లోరైడే ఇత్తడికీ ఇనుముకీ ఇద్దరికీ శత్రువు. తాగడానికి తెచ్చుకునే శుద్ధి నీళ్ళో, పట్టి ఉంచిన వాననీళ్ళో వాడండి. నానబెట్టొద్దు. మెత్తటి పాత పళ్ళ బ్రష్షు ముంచి, దులిపి, నగిషీ వెంట తిప్పి, వెంటనే మంచినీళ్ళతో కడిగి, ఉతికి ఉతికి మెత్తబడిన పంచె ముక్కతో అద్దండి. తరవాత జుట్టు ఆరబెట్టే మిషను గాలి వెనకవైపు, కన్నాల్లోకి పట్టండి. తడి దాక్కునేది అక్కడే.

నగిషీ లోతుల్లో పచ్చటి చిలుము ఉంటే చాకు, సూది పట్టకండి. కొబ్బరి ఈనె చాలు. కొన పల్చగా చెక్కి, మిషను నూనెలో ముంచి, చిలుముని నానబెట్టి లేపండి. లోహం కన్నా మెత్తన కాబట్టి గీత పడదు, విరిగితే ఇంకోటి. మన ప్రాంతానికి ఇంతకన్నా మంచి పనిముట్టు ఇంకోటి లేదు. అయితే కొబ్బరి నూనె మాత్రం వద్దు. మన ఇళ్ళలో ప్రతిదానికీ కొబ్బరి నూనె రాయడం అలవాటు, పూసిన రోజు నిగనిగలాడుతుంది కూడా. కానీ తిండినూనెల్లోని కొవ్వు ఆమ్లాలు రాగితో కలిసి పచ్చటి జిగురులా మారతాయి. మీ పిడుల లోతుల్లో ఉన్న పచ్చదనంలో కొంత అదే అయి ఉండొచ్చు.

కడిగాక ఒకరోజు వదిలేసి, పగటి వెలుగులో చూడండి. చాలాసార్లు నేను అక్కడితో ఆపేశాను. ఎత్తుగా ఉన్నచోట పసుపు, లోతుల్లో నలుపు ఒక తీరుగా కనిపిస్తే అది మరక కాకపోవచ్చు. కావాలనే నలుపు పట్టించి, ఎత్తుల్లో రుద్ది, పాతదనం తెప్పించి అమ్మే రకం ఉంది. ఆ నలుపు తీసేస్తే నగిషీ కంటికి ఆనదు.

ఇంకా అసహ్యంగా ఉంటే అప్పుడు లక్కరు గురించి ఆలోచించాలి. పూత పూసిన సామాను మీద దాదాపు ఎప్పుడూ ఒక పారదర్శకమైన పొర పూసే ఉంటుంది. పాతవాటికి లక్క, ఆ తరవాతవాటికి నైట్రోసెల్యులోజ్ లక్కరు, ఈమధ్యవాటికి వేడిచేసి గట్టిపరిచిన రకాలు. ఆ పొర పగిలిన చోట గాలి దూరి సాలెగూడులాగా, చెట్టు వేళ్ళలాగా నల్లటి దారాలు పాకుతాయి. అలాంటి గీతలు కనిపిస్తే లోహం మొత్తం చెడలేదని గుర్తు. చెడింది పైపొర.

చెవిపుల్ల దూదిని స్పిరిట్‌లో ముంచి, పిడి వెనక అంచున అర అంగుళం మేర అద్దండి. జిగటగా వస్తే లక్క. రాకపోతే ఎసిటోన్ ప్రయత్నించండి. మందుల కొట్లోనో రంగుల కొట్లోనో దొరికే శుద్ధమైనది కావాలి, గోళ్ళ రంగు తీసే సీసాల్లో నూనె, రంగు కలుపుతారు. తలుపులు బార్లా తీసి, దగ్గర్లో దీపంగానీ పొయ్యిగానీ లేకుండా, చేతికి తొడుగులు వేసుకుని చేయండి. ఎసిటోన్ ఆవిరికి నిప్పు దూరం నుంచే అంటుకుంటుంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి దూదిని చూడండి. తెల్లగానో, లేత గోధుమరంగుగానో ఉంటే సరే. చక్కటి బంగారు పసుపు దూదికి అంటితే పని అక్కడే ఆపేయండి. కొన్ని సామానుల్లో ఇత్తడే ఉండదు. తెల్లటి లోహం మీద పసుపు కలిపిన లక్కరు పూసి ఇత్తడిలా కనిపించేలా చేస్తారు. మీరు మరక తీస్తున్నాననుకుని రంగే తీసేస్తున్నారన్నమాట. అలాంటిదానికి కడగడం, మైనం పూయడం తప్ప ఇంకేమీ చేయకూడదు.

పైపొర నూటికి తొంభై పాళ్ళు బాగుంటే దాన్ని తీయకండి. పోయిన చోట్లు వదిలేసి, మైనంతో కప్పండి. సగం పైగా రేగిపోతే మొత్తం తీసేయడమే మేలు, అతుకులు ఎప్పుడూ కనిపిస్తాయి. దూది మార్చుకుంటూ ఒక్క దిక్కుకే తుడవండి, మురికి దూదితో తిరిగి రుద్దితే కరిగిన లక్కరు లోతుల్లోకి చేరి గట్టిపడుతుంది. ఎసిటోన్‌కి కరగని గట్టి పొర అయితే ఇంట్లో కుస్తీ పట్టకుండా వదిలేయండి.

లక్కరు పోయాక కింద ఇత్తడి మీద గోధుమరంగు నీడ మిగులుతుంది. దానికి నేను వాడేది ఒక్కటే, మందుల తయారీకి వాడే మెత్తటి సుద్దపొడి. ప్రెసిపిటేటెడ్ చాక్ అని అడగండి. బడిలో రాసే సుద్దముక్కలు వద్దు, వాటిలో గరుకు ఉంటుంది. ఆ పొడిలో నాలుగు చుక్కల స్పిరిట్ కలిపి మీగడలా చేసి, దూదికి అద్దుకుని, పసిపిల్లకి పౌడరు రాసినంత తేలిగ్గా తిప్పండి. పదిసార్లు తిప్పి, తుడిచి, చూడండి. ఎత్తైన అంచుల మీద ఇంకా తక్కువ, పూత ముందు అరిగేది అక్కడే. రంగు గులాబీ వైపు తిరుగుతోందంటే జింకు పోయి రాగి మిగులుతోందని అర్థం. బూడిదరంగు నీడ కనిపిస్తోందంటే ఇత్తడి కింద వేసిన నికెల్ పొర బయటపడుతోంది. రెండింటిలో ఏది కనిపించినా చెయ్యి తీసేయండి. నల్లటి చుక్కలు కొన్ని ఎలాగూ మిగులుతాయి. అవి మిగలనివ్వండి. అరవై ఏళ్ళ పిడి అరవై ఏళ్ళ పిడిలా ఉంటే తప్పులేదు. దాన్ని కొత్తది చేయాలని కూర్చుంటే ఉన్నదీ పోతుంది.

బజార్లో దొరికే ఇత్తడి పాలిష్‌లు, పీతాంబరి లాంటి పొడులు చెడ్డవని నేను అనడం లేదు. దేవుడి గదిలో గంటకీ, కుందులకీ వాడుకోండి. పూతకి మాత్రం ఆ గరుకూ ఆ ఆమ్లమూ రెండూ పనికిరావు. అమ్మోనియా ఉన్న పాలిష్‌లైతే గట్టి ఇత్తడికి కూడా పూసి వదిలేయకూడదు. దీనికి మన దేశంలోనే పెద్ద కథ ఉంది. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తుపాకీ తూటాలని గుర్రపుశాలల్లో దాచేది. వానలు వెలిశాక చూస్తే ఇత్తడి గొట్టాలు నిలువునా పగిలి ఉండేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, వానాకాలపు చెమ్మ, గొట్టం సాగదీసినప్పుడు లోహంలో మిగిలిన బిగువు, ఈ మూడూ కలిసి చేసిన పని అదని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు తేల్చారు. పశువుల పాకలో అటక మీద పెట్టిన ఇత్తడి సామాను అంచులు చీలిపోయి రావడం నేను చూశాను. మీ నాయనమ్మగారి ఇంట్లో ఇంకా సామాను ఉంటే, పాకలో ఉన్నవాటిని ముందు ఇంట్లోకి మార్చండి.

మళ్ళీ పిడుల దగ్గరికి. శుభ్రం చేసిన ఇత్తడిని అలాగే వదిలేస్తే మన గాలికి నెలరోజుల్లో మళ్ళీ మసకేస్తుంది. సముద్రం మీద నుంచి వచ్చే ఉప్పుగాలి అంతర్వేది నుంచి ఎంత లోపలికి వస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అడుగు కుళ్ళిన చెరువు ఒడ్డున కోడిగుడ్డు కుళ్ళిన వాసన వస్తుంది చూడండి, ఆ హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు రాగి ఉన్న ఏ లోహాన్నైనా నల్లబరుస్తుంది. ఇంటి పక్కన అలాంటి చెరువు ఉంటే ఇంకా తొందరగా.

రక్షణకి రెండు దారులు. మైనం, లక్కరు. మైనం తేలిక. మైక్రోక్రిస్టలిన్ మైనం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, మ్యూజియంలలో లోహాలకి వాడేది అదే. బియ్యపుగింజంత తీసుకుని గుడ్డతో పల్చగా రాసి, పది నిమిషాలాగి, మెరుగుపెట్టండి. వెనకవైపు, స్క్రూల మరల మీద కూడా రాయండి, చెక్క పీల్చుకున్న చెమ్మ మొదట తగిలేది అక్కడే. రోజూ చెయ్యి పడే పిడి అయితే నాలుగు నెలలకోసారి మళ్ళీ రాయాలి. మృగశిర కార్తెకి ముందు ఒకసారి తప్పనిసరి.

లక్కరు ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ కాలం చూసుకుని వేయాలి. గాలిలో చెమ్మ ఎక్కువ ఉన్నప్పుడు నైట్రోసెల్యులోజ్ లక్కరు వేస్తే, ద్రావకం ఆవిరవుతూ లోహాన్ని చల్లబరుస్తుంది, చెమ్మ దాని మీద వాలి, పొర పాలమీగడలా తెల్లబడుతుంది. శ్రావణ భాద్రపదాల్లో మన దగ్గర ఈ పని ముట్టుకోకూడదు. నేను మాఘ ఫాల్గుణాల్లో, మంచు విడిపోయి ఎండ ఎక్కిన తరవాత, పది నుంచి మధ్యాహ్నం లోపు చేస్తాను. ముందు పిడిని ఎసిటోన్‌తో చివరిసారి తుడిచి, ఆ తరవాత ఉత్త చేత్తో ముట్టుకోవద్దు. వేలిముద్ర పడితే ఆ చెమట లక్కరు కింద బందీ అయి, ఆరు నెలల్లో వేలిముద్ర ఆకారంలోనే నల్లటి మచ్చ తేలుతుంది. ఎండలో కాస్త వేడెక్కనిచ్చి, పల్చగా రెండు పూతలు, మధ్యలో అరగంట. రాగి మిశ్రమాల కోసమే చేసిన ఇన్‌క్రాలాక్ అనే యాక్రిలిక్ లక్కరు దొరికితే అది ఇంకా మంచిది. అందులో బెంజోట్రయజోల్ అనే మందు కలిపి ఉంటుంది, అది రాగిని పట్టుకుని నలుపు రాకుండా చూస్తుంది. మీ పిడులకి, సముద్రానికి అంత దగ్గరలో, నేనైతే లక్కరు వేసి దాని మీద మైనం రాస్తాను.

ఇక మీరు తోమిన ఆరో పిడి. పోయిన ఇత్తడి ఏ మందుతోనూ తిరిగి రాదు, అది ముందే చెప్పాలి. ముందు తుప్పుని ఆపండి. ఆ పిడిని రెండు మూడుసార్లు శుద్ధి నీళ్ళు మార్చి కడిగి, బాగా ఆరబెట్టి, ఈనెపుల్లతో నూనె అద్ది తుప్పు పెళుసుల్ని లేపండి. బయటపడ్డ ఇనుము చిన్న మచ్చే అయితే, నూనె ఎసిటోన్‌తో తుడిచేసి, కరక్కాయ చిక్కటి కషాయం సన్నటి కుంచె కొనతో సరిగ్గా ఆ మచ్చ మీద మాత్రం పెట్టండి. కరక్కాయలోని టానిన్ తుప్పుతో కలిసి నీలినలుపుగా మారుతుంది, పూర్వం అన్నభేది అనే ఇనుప లవణం కలిపి సిరా చేసింది ఈ గుణంతోనే. ఎర్ర తుప్పు కన్నా ఆ నలుపు నిలకడగా ఉంటుంది, పాత పిడిలో కలిసిపోతుంది. మరుసటిరోజు తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, మైనం పూయండి. ఇది ఇనుముకే, మజాక్‌కి కాదు. పైన కాస్త పసుపు కావాలంటే బంగారురంగు అభ్రకపు పొడిని మైనంలో కలిపి మచ్చ మీద అద్దొచ్చు. నచ్చకపోతే తుడిచేయొచ్చు, అందుకే నాకు అది ఇష్టం. కొట్లో దొరికే ఇత్తడిపొడి గోల్డ్ పెయింటు వద్దు, ఏడాదిలో నల్లబడి, తీయడానికి మళ్ళీ గీకాల్సివస్తుంది.

మళ్ళీ పూత వేయించడం కుదురుతుంది. కానీ ప్లేటింగ్ షాపులో ముందు పాత పూత ఊడదీస్తారు, తరవాత బఫింగ్ చక్రం మీద రుద్దుతారు. నగిషీ మెత్తబడేది అక్కడే. నేనొకసారి ఒక షాపుకి ఇచ్చిన తామరపూల పిడులు తిరిగి వచ్చేసరికి రేకులన్నీ సబ్బుబిళ్ళ మీద అచ్చులా అరిగిపోయి ఉన్నాయి. ఇవ్వాల్సివస్తే చేత్తో మాత్రమే శుభ్రం చేయమని, చక్రం పెట్టొద్దని కాగితం మీద రాసి ఇవ్వండి. ఒక్కటే వేయిస్తే అది మిగతా అయిదింటి పక్కన కొత్త పెళ్ళికూతురిలా ఉంటుంది, ఆరూ వేయించాల్సివస్తుంది. నా ఓటు అందుకు లేదు. ఇంట్లో ఇత్తడి పూత ప్రయత్నం అసలు చేయకండి. ఆ తొట్టిలో వాడేది సాధారణంగా సైనైడు ద్రావణం.

ఇంకో దారి, గట్టి ఇత్తడిలో అలాంటి పిడి పోత పోయించడం. తణుకు వైపు అజ్జరం ఇత్తడి పనికి పేరుపడ్డ ఊరు, పోత పనివాళ్ళని అక్కడ అడిగి చూడండి. ఒక మెలిక ఉంది. మీ పాత పిడినే నమూనాగా ఇసుకలో అచ్చు తీస్తే, ఇత్తడి చల్లారేటప్పుడు సుమారు నూటికి ఒకటిన్నర వంతు కుంచించుకుపోతుంది. వంద మిల్లీమీటర్ల పిడి తొంభై ఎనిమిదిన్నర అవుతుంది, స్క్రూ కన్నాలు బల్ల కన్నాలతో కలవవు. అందుకని కన్నాలు పోతలో పెట్టొద్దని చెప్పండి. పిడి ఇంటికి తెచ్చి, బల్ల మీద పెట్టి గుర్తు వేసి, అప్పుడు వడ్రంగి చేత తొలిపించండి. పాత పిడిని పారేయకుండా గుడ్డలో చుట్టి అదే సొరుగులో ఉంచండి.

ఇవేవీ చేయకముందు నేను చేసేది మాత్రం చాలా చిన్న పని. తుప్పు ఆపిన ఆ పిడిని కింది వరసలో, గోడవైపు సొరుగుకి బిగించి, అక్కడున్న మంచి పిడిని పైకి తెస్తాను. అద్దం ముందు కూర్చున్నవాళ్ళకి అది కంటపడదు, చేతికి మాత్రం అందుతుంది. స్క్రూలు కూడా దాని వెంట దానివే వెళ్ళాలి.

ఈ వారం ఒక్క పిడే విప్పండి, గోడవైపు కింది సొరుగుది. అయస్కాంతం అంటిందో లేదో, వెనక గీత ఏ రంగులో వచ్చిందో, దూదికి పసుపు అంటిందో లేదో, ఈ మూడూ చూసి రాయండి. వెనకవైపు ఫోటో ఒకటి పగటి వెలుగులో తీసి పెడితే లక్కరు తీయాలో వద్దో చెబుతాను. అప్పటిదాకా మిగతావాటి మీద పొడిగుడ్డ తప్ప ఏదీ పడనివ్వకండి.